పవిట కింద బెల్టు

మా ఇంట్లో కారు కొన్నాక ముందు సీట్లో మొట్టమొదట బెల్టు పెట్టుకుని కూర్చున్నది ఒక అరటిగెల.

కొత్తపేటలో మా ఆడపడుచు ఇంటికి ఆ గెల పంపిస్తున్నాం. రెండువేల రెండో, మూడో. అప్పటికి మా ఆయనకి కారు తోలడం రాదు. అంబాజీపేటలో పాతికేళ్ళు కొబ్బరికాయల లారీ తోలి మానేసిన ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే వచ్చి నేర్పేవారు. మా ఆయన ఆయన్ని గురువుగారూ అని పిలిచేవారు. ఆ గురువుగారే గెలని సీట్లో నిలబెట్టి, బెల్టు లాగి, దాని నడుం చుట్టూ బిగించారు.

"గెలకి పెట్టేరు, మీరు పెట్టుకోరా?" అన్నాను.

"గెలకి చేతులుండవు కదండీ, పట్టుకోడానికి," అన్నారు.

మాట బాగుంది కాబట్టి ఆ పూటకి ఊరుకున్నాను. కానీ నేను ఊరుకునే మనిషిని కాదు. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. కదిలే వస్తువు కదులుతూనే ఉండాలనుకుంటుందనీ, బస్సు ఆగినా బస్సులో మనం ఆగమనీ ఏటా రెండు సెక్షన్లకి నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెప్పేదాన్ని. ఆ పాఠమే కారుకి బెల్టు రూపంలో కుట్టి పెట్టి అమ్ముతుంటే, దాన్ని అరటిగెలకి తప్ప ఎవరికీ వాడరేమిటని నాకు నిజంగానే ఆశ్చర్యం. కోపం తరవాత వచ్చింది. ముందు వచ్చింది కుతూహలమే.

ఆ నెలలోనే కారుకి సీటు కవర్లు కుట్టించాం. మెరూన్ రంగు, అంచుకి కుచ్చులు. తీరా చూస్తే బెల్టు గుచ్చే క్లిప్పులు కనబడవు. మళ్ళీ అమలాపురం వెళ్ళి కుట్టినతన్ని అడిగాను.

"లోపలికి పెట్టి కుట్టేసేమండి. పైకుంటే కూచున్నోళ్ళకి గుచ్చుకుంటాయండి."

"మరి బెల్టు పెట్టుకోవాలంటే?"

అతను నా వంక జాలిగా చూశాడు. "ఎవరు పెట్టుకుంటారండీ? ఇప్పటికెన్నో బళ్ళకి కుట్టేను, ఒక్కరూ అడగలేదండి. ఆయ్."

ఇంటికొచ్చి, బ్లేడుతో నేను కూర్చునే వైపు కవరు నాలుగంగుళాలు కోసి, క్లిప్పు బయటికి లాగాను. కుచ్చుల కవరు పాడుచేశానని మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

ఆయన సంగతి చెప్పాలి. ఎరువుల కొట్టు, కొద్దిగా కొబ్బరి తోట. ఊళ్ళో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. ఇంట్లో నాకు మాత్రం చెప్పేవారు, అదీ మెల్లగా. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాక, తన చేత్తో తను కారు తోలాలని పట్టుబట్టారు. చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ కాలవలో పడితే వాళ్ళ అన్నదమ్ములు ముప్పై ఏళ్ళపాటు చెప్పుకుని నవ్వారు. స్కూటరు కొన్నా ఆ కథే. ఈ కారు ఒక్కటీ సవ్యంగా తోలితే ఆ నవ్వులన్నీ ఆగిపోతాయని ఆయన నమ్మకం. పైకి అనలేదు గానీ నాకు తెలుసు.

గురువుగారు లేకుండా తోలిన మొదటి రోజు నన్ను కాలేజీ దగ్గర దింపుతానన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేనెక్కి, బెల్టు లాగి పెట్టుకున్నాను. ఆయన తాళంచెవి తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గురువుగారు తోలినప్పుడు పెట్టుకున్నావా?"

"లేదు."

"మరి నేను తోలుతుంటే ఎందుకు?"

జవాబు నా నోట్లోనే ఉంది. నాకు జవాబు లేకపోవడమేమిటి. గురువుగారు తోలినప్పుడు నేను వెనక సీట్లో ఉన్నాను, అక్కడి క్లిప్పులు కవరు కిందే ఉన్నాయి కాబట్టి అనొచ్చు. అది నిజం కూడా. కానీ ఆయన మొహం చూస్తే అది చెప్పే మొహం కాదు. వీధి చివర అరుగు మీద నలుగురు పేపరు పట్టుకుని కూర్చుని మా కారు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నారు. పెళ్ళామే నమ్మకం లేక తాడు కట్టుకుని కూచుందని సాయంత్రానికి ఊరంతా అంటారు. నేను బెల్టు తీసేశాను. ఆయన తాళం తిప్పారు.

ఆ ఆరు కిలోమీటర్లూ కాలవ గట్టు మీద రోడ్డే. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు పల్లంలో కొబ్బరి తోటలు. ఎదురుగా ఏదైనా వస్తే ఒకరు గట్టు అంచుకి దిగాలి. కాలేజీ దగ్గర దిగేసరికి నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. క్లాసులో సుద్దముక్క జారిపోయింది.

మర్నాడు ఉపాయం దొరికింది. ఎడమవైపు సీట్లో బెల్టు ఎడమ భుజం మీంచి కుడి తుంటి దాకా వస్తుంది. మన పవిటా అదే దారిన వెళ్తుంది. బెల్టు పెట్టుకుని, భుజం మీంచి వెనక్కి వేలాడే చెంగుని ముందుకి తెచ్చి దాని మీద కప్పేస్తే, చలికి కప్పుకున్నట్టు ఉంటుంది తప్ప ఇంకేమీ కనబడదు. క్లిప్పు చప్పుడు వినబడకుండా తలుపు వెయ్యడమూ క్లిప్పు నొక్కడమూ ఒక్కసారే చేసేదాన్ని. పల్చటి వాయిలు చీరల్లోంచి నల్లగా కనబడుతుందేమోనని నేత చీరలకి మారాను. చీరలు ముతగ్గా కడుతున్నావేమిటని మా కెమిస్ట్రీ మేడం అడిగితే, వయసొస్తోంది కదా అన్నాను. అలా ఏడాది దాటింది.

ఏడాదంతా దొంగతనంగా బెల్టు పెట్టుకుంటూ, ఊళ్ళో వాళ్ళని మాత్రం మీరెందుకు పెట్టుకోరని బాహాటంగా అడిగేదాన్ని. ఎదురింటి బాబయ్యగారికి పెద్ద కారుంది. ఆయన్ని అడిగితే, "గంజి పెట్టించిన చొక్కా అమ్మా. పెళ్ళిలో దిగేసరికి ఛాతీ మీద అడ్డంగా గీత పడితే ఏం బావుంటుంది?" అన్నారు. గీత పడితే మళ్ళీ ఇస్త్రీ చేసుకోవచ్చు, తల పగిలితే చేసుకోలేరు కదా అంటే, "నీ నోట మంచి మాటే రాదు," అని నవ్వి లోపలికి వెళ్ళిపోయారు. కెమిస్ట్రీ మేడం, హైదరాబాదులో పోలీసులు ఆపుతారట కాబట్టి అక్కడ పెట్టుకుంటాననీ, ఇక్కడ ఎవరాపుతారనీ అంది. ప్రమాదం పోలీసుతో పాటే వస్తుందని ఆవిడ లెక్క. ఎమ్మెస్సీ చదివిన మనిషి.

అందరూ చివరికి చెప్పే కారణం మాత్రం ఒకటే. కాలవ. కారు కాలవలో పడితే బెల్టు పెట్టుకున్నవాడు బయటికి రాలేడు. గురువుగారైతే కళ్ళతో చూసినట్టే చెప్పేవారు.

"పడగానే తలుపు తీసుకుని ఈదాలి కదండీ. బెల్టుంటే ఇంకేం ఈదుతారు?"

"మీకు ఈతొచ్చా?"

"రాదండి," అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా.

నవ్వొచ్చింది కానీ ఆ కారణాన్ని నేను కొట్టిపారెయ్యలేదు. నీళ్ళ మధ్య బతికేవాళ్ళకి నీటి భయం ఉంటుంది, అందులో తప్పేముంది. అయినా పరీక్ష చేసి చూద్దామని ఒక ఆదివారం ఇంటి ముందు నిలబెట్టిన కార్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నీళ్ళలో ఉన్నాననుకుని తడుముకుంటూ క్లిప్పు నొక్కాను. రెండు క్షణాల్లో ఊడింది. మళ్ళీ చేశాను. నాలుగోసారి కళ్ళు తెరిస్తే ఎదురింటి పిన్నిగారు అద్దంలోంచి తొంగి చూస్తున్నారు.

"కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా? మజ్జిగ తెమ్మంటావా?"

సరే, ఆ రోజు మజ్జిగ తాగాను. నాకు బోధపడిందేమిటంటే, కాలవ అనేది వీళ్ళు పైకి చెప్పుకునే కారణం. లోపల ఇంకేదో ఉంది. అదేమిటో తేల్చాలని అందరి లోపలా వెతికాను. నా లోపల వెతకాలని తోచలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం కొత్తపేట నించి అదే గట్టు రోడ్డు మీద తిరిగి వస్తున్నాం. వాన వెలిసింది, ఇంకా వెలుగుంది. తూము దగ్గర మలుపులో ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. మా ఆయన సైడిచ్చారు. ఎప్పటిలాగే, అవసరమైన దానికన్నా ఎక్కువే ఇచ్చారు. ఎడమ చక్రం తడి మట్టిలోకి దిగింది, కారు పక్కకి జారి, తూము గోడకి కొట్టుకుని ఆగింది.

నన్నెవరో వెనక్కి పట్టి లాగినట్టయింది, అంతే. పక్కకి చూస్తే ఆయన స్టీరింగు మీద మొహం పెట్టుకుని ఉన్నారు. లేపితే నోరంతా రక్తం. పై పెదవి చీలింది, ముందు పన్ను సగం లేదు.

తోటలో కాయలు ఒలిచేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆయన్ని దింపారు. ఒకావిడ నా వైపు తలుపు తీసి చెయ్యి పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. "ఏదో పట్టేసిందమ్మా," అని నా చెంగు పక్కకి తీసింది. బెల్టు.

ఆయన రోడ్డు మీద కూర్చుని, కండువా నోటికి అదుముకుని చూస్తున్నారు. నా మొహం వంక కాదు, బెల్టు వంక. ఒలుపు మనుషుల్లో ఒకాయన మంచి మనసుతోనే అన్నాడు, "అమ్మగారు ముందే జాగర్తపడ్డారండి." ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు.

పరామర్శకి వచ్చినవాళ్ళు మూడు రోజులపాటు కాఫీ తాగి, బెల్టు లేకపోబట్టి సరిపోయింది, తూము అడ్డం లేకపోతే కాలవే కదా అన్నారు. పన్ను విరిగిన మనిషిని ముందు పెట్టుకుని ఆ మాట ఎలా అనగలిగారో. ఆయన తల ఊపుతూ విన్నారు. నాతో మాత్రం మాట్లాడలేదు.

కారు బాగై వచ్చింది. ఆయన దాని దగ్గరికి వెళ్ళలేదు. కొట్టుకి స్కూటరు, నాకు బస్సు. నెల దాటింది. కారు అమ్మేద్దామని ఎదురింటి బాబయ్యగారితో అన్నారని తెలిసింది. ఆ మాట విన్న రోజు, కాలేజీ నించి వచ్చి, నేను కారు తుడుస్తూ ఆయన సీటు మీద చెయ్యి వేశాను. కుచ్చుల కవరు కింద ఏదో గట్టిగా తగిలింది. క్లిప్పు. ఏడాదిగా అది కుట్టేసే ఉంది. నావైపు కోసుకున్నాను గానీ ఆయన వైపు కొయ్యాలన్న ఆలోచన నాకు రాలేదు.

నేను బ్లేడు తెచ్చి కోస్తుంటే ఆయన వచ్చి వెనక నిలబడ్డారు.

"ఒకటడుగుతాను," అన్నారు. పన్ను లేక మాట ఈలగా వస్తోంది. "కూరలో ఉప్పు దగ్గర్నించి ఢిల్లీలో గవర్నమెంటు దాకా నాతో వాదిస్తావు. దీనికెందుకు వాదించలేదు?"

"మొదటి రోజు మీరు బాధపడ్డారని."

"నేను బాధపడితే నువ్వెప్పుడాగేవు?"

అదీ నిజమే. బ్లేడు పక్కన పెట్టాను.

"వాదిస్తే గెలిచేదాన్ని," అన్నాను. "గెలవాలంటే మీ తోలడమంటే నాకు భయమని చెప్పాలి. అది చెబితే మీరింక తోలరు."

"మొదటి రోజు నించీ భయమేనా?"

"ఆ. మొదటి రోజు నించీ."

ఆయన వంగి, కోసిన కవరు అంచుని వేలితో సరిచేశారు. తరవాత, "తూము దగ్గర మలుపులో నేను ఊపిరి తీసుకోను," అన్నారు. "రోజూ. నీకు తెలిసిపోతుందేమోనని రేడియో పెట్టేవాణ్ణి."

ఊరందర్నీ అడిగి తిరిగాను, ఎవరూ ఈ జవాబు చెప్పలేదు. బెల్టు పెట్టుకుంటే భయం ఉందని ఒప్పుకున్నట్టు. తోలేవాడైనా, పక్కన కూర్చున్నవాళ్ళైనా, భయపడుతున్నారని ఆ నల్ల పట్టీ పదిమందికీ చెప్పేస్తుంది. చొక్కా గీతనీ కాలవనీ అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో తెలియదు. నాకూ మా ఆయన పన్ను పోయేదాకా తెలియలేదు.

మరుసటి సోమవారం ఆయనే తాళంచెవి తీశారు. పెద్ద మార్పేదో వచ్చిందని రాయను. కోసి బయటికి తీసిన క్లిప్పుకి ఆయన బెల్టు పెట్టుకున్నారు. గట్టు రోడ్డు మొదలవగానే తీసేశారు. కాలవ, అన్నారు. గురువుగారిలా కాదు, ఈయనకి ఈతొచ్చు. ఈతొచ్చిన మనిషితో దాని గురించి ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను, ఇప్పటికీ గెలవలేదు.

ఆ రోజు మాత్రం మలుపు వస్తుండగా నోరు తెరిచి, "నెమ్మదిగా పోనియ్యండి, నాకు భయంగా ఉంది," అన్నాను. పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో నేను ఆ మాట అనడం అదే మొదలు.

"నాక్కూడా," అని, కారు నడక వేగానికి దించేశారు. వెనక బస్సువాడు ఒకటే హారను కొడుతున్నాడు. మా ఆయన అద్దంలోకి చూసి, కొట్టుకోనీ అన్నారు.