అన్నయ్య కొలత

ఊరికి ఈ చివర దర్జీ కొట్టు, ఆ చివర అతని అన్న ఇల్లు. నడిస్తే ఒక పూట దారి. ఆ దారి పట్టడానికి దర్జీకి ఇరవయ్యేళ్ళు పట్టింది.

నిన్న వదిన ఫోన్ చేసింది. "ఆస్పత్రిలో ఇంక చేసేదేం లేదన్నారు. ఇంటికి తెచ్చేశాం. నీ చేతి చొక్కా వేసుకుంటారట, అదొక్కటే అడుగుతున్నారు."

సాయంత్రానికల్లా కుట్టేశాడు. కొలతలు అడగలేదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఒడ్డూపొడుగూ; తన ఒంటికి సరిపోతే అన్నకూ సరిపోయినట్టేనని కుర్రతనం నుంచీ లెక్క.

పొద్దున్నే సంచి పట్టుకుని చెప్పులు తొడుక్కుంటూంటే భార్య గుమ్మంలోకి వచ్చింది.

"బస్సులున్నాయిగా! అవి కాళ్ళనుకున్నారా, మిషను పెడళ్ళనుకున్నారా?"

"బస్సు ఇట్టే దింపేస్తుందే. వెళ్ళి ఏం మాట్లాడాలో ఇంకా తోచలేదు."

వంతెన దాటినా తోచలేదు. పాత వీధి మలుపులో, ఒకప్పుడు ఇద్దరూ కలిసి నడిపిన కొట్టున్నచోట, ఇప్పుడు మందుల షాపుంది. అక్కడే ఒకనాడు అన్న, బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు చూస్తూండగా, తమ్ముడు వేసిన కాలరు కుట్లు విప్పేశాడు. "కుట్టావా, కప్పలా గెంతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు తన కత్తెర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత తన దగ్గర పని నేర్చినవాళ్ళ కుట్లు తానెన్ని విప్పలేదు? ఒక్కరూ అలిగి పోలేదు. పరాయివాడి మాట చెవి దగ్గరే ఆగిపోతుంది కాబోలు. ఆనాటి చొక్కా రంగేమిటో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. బల్ల కింద రాలిన దారపు ముక్కలు మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాయి.

తలుపు వదిన తీసింది. అన్న మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. ఇద్దరూ పట్టి చొక్కా తొడిగారు. భుజం కుట్టు జబ్బ మీదికి జారింది. కాలరు మెడ చుట్టూ వదులు గాజులా తిరిగింది. జ్ఞాపకం మనిషిని చివరిసారి చూసినచోటే నిలబెట్టి ఉంచుతుంది. ఒళ్ళు దాని మాట వినదు.

అన్న తనను తాను చూసుకుని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

"ఇందులో ఇద్దరం పడతాంరా. నువ్వూ దూరు."

తమ్ముడికి నవ్వు రాలేదు. "కొలత తప్పిందన్నయ్యా. కుట్లు విప్పి సరిచేస్తాను."

"కుట్లు విప్పితే నీకు కోపం కదరా!"

దర్జీ తల వంచుకున్నాడు. మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. అలవాటు కొద్దీ ఊరంతా దానితోనే నడిచి వచ్చాడు. తీసి చేతికి తీసుకున్నాడు. ఛాతీ కొలవాలంటే మనిషి చుట్టూ రెండు చేతులూ వేయక తప్పదు. ఊళ్ళో ఎందరికో వేశాడు. అన్నకు వేయడం ఇదే మొదలు. టేపు కొసలు రొమ్ము మీద కలిశాయి. వేళ్ళకు ఎముకలు తగిలాయి. చేతులు తీయలేదు.

"ఎంతొచ్చిందిరా?"

"సరిగా చూడలేదన్నయ్యా. కదలకు, ఇంకోసారి చూస్తా."