జర్మన్ దొరసాని పుస్తకం, నా కడుపుమంట

నాకూ నా స్నేహితుడికీ చదువుకునే రోజుల నుంచీ ఒకటే పిచ్చి, రాయడం. గుంటూరులో ఒకే కాలేజీలో చరిత్ర చెప్పాం. బ్రాడీపేటలో పక్కపక్క వీధుల్లో ఉంటాం. నావి కథల సంపుటాలు వచ్చాయి. అమ్ముడైన వాటికంటే పంచిపెట్టినవే ఎక్కువ. వాడు మాత్రం రిటైరయ్యేదాకా ఒక్క పుస్తకమూ వేయలేదు. ఆ సంగతి నాకు లోపల్లోపల ఎంత హాయిగా ఉండేదో వాడికి తెలియదు.

అలాంటివాడు ఉన్నట్టుండి ఒక జర్మన్ దొరసాని జీవితం రాశాడు. ఆమె పెళ్లయిన కొత్తలో భర్తతో ఆఫ్రికాలోని జర్మన్ వలసరాజ్యానికి వెళ్లింది. అక్కడివాళ్ల దగ్గర లాక్కున్న నేలలో పశువుల్ని పెంచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడి ఆ వలసరాజ్యం చేజారాక, స్వదేశానికి తిరిగొచ్చి కలం పట్టింది. ఆ నేల మాది, మళ్లీ మాకే రావాలంటూ పుస్తకం మీద పుస్తకం రాసింది. నాజీలు వచ్చాక వాళ్ల తరఫున ఊరూరా ఉపన్యాసాలిచ్చింది.

సత్తెనపల్లి దగ్గర మా చేలో మిరపకాయలు కోయిస్తూ, గట్టు మీద కూర్చుని చదివాను. తప్పులు వెతుకుదామనే మొదలుపెట్టాను. ఆమె ఇల్లు కట్టుకోవడం, తొలివాన కోసం ఎదురుచూడటం, చచ్చిపోయిన దూడ దగ్గర కూర్చుని ఏడవడం, అన్నీ కళ్లకు కట్టాడు. ఆమె మీద మనకు జాలి పుట్టేదాకా ఆగి, ఆ ఇంటి గోడలు పెట్టిన అక్కడి మనుషుల గురించి ఆమె ఎక్కడా ఒక్క ముక్కా రాయలేదని అప్పుడు చెప్పాడు. నేను జీవితమంతా రాయాలనుకున్న పేజీ అది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆవిష్కరణ సభలో లేచి నిలబడ్డాను. ఆఫ్రికా చూడనివాడివి, జర్మన్ రానివాడివి, ఆమె మనసు నీకెలా తెలిసిందని అడిగాను. నవ్వుతూనే అడిగాను. వాడు నవ్వలేదు.

"మాది పొన్నూరు పక్కన. కాలవ కింద భూములు చవగ్గా వస్తున్నాయని నాన్న కర్ణాటక వెళ్లాడు. మనవాళ్లు అక్కడ కట్టుకున్న కొత్త ఊళ్లను క్యాంపులంటారు, అలాంటి క్యాంపులోనే నేను పుట్టాను. మేం రాకముందు ఇక్కడ ముళ్లకంప తప్ప ఏమీ లేదురా అనేవాడు నాన్న. బళ్లో నా పక్కన కూర్చునేవాడి తాతదే ఆ పొలం. నాన్న కొనుక్కున్నాడు, ఆమెవాళ్లు లాక్కున్నారు. రెండూ ఒకటి కాదు. కానీ ఆమె పుస్తకం ఇంగ్లీషు అనువాదం తెరిస్తే నాన్న మాటే వినపడింది."

అప్పటిదాకా నా అసూయ వాడి పుస్తకం మీదే. ఆ క్షణం నుంచి వాడి బాల్యం మీద కూడా. మా నాన్న తాతల నాటి పొలంలోనే పుట్టి అక్కడే పోయాడు. రాసుకోవడానికి నాకొక అబద్ధం కూడా మిగల్చలేదు.

రెండో ముద్రణకు ముందుమాట రాయమని వాడు నన్నే అడిగాడు.

"నీ అంత శ్రద్ధగా ఆ పుస్తకాన్ని ఎవరూ చదవలేదురా," అన్నాడు.

తీరిక లేదని చాలాకాలం తిప్పించుకున్నాను. చివరికి కూర్చుంటే, పొగడ్త తప్ప ఇంకేమీ రాయడానికి చెయ్యి రాలేదు. ముందుమాట బాగుందని ఇంతవరకూ వాడొక్కడే అన్నాడు.

ఇప్పుడు వాడు క్యాంపు మీద రాస్తున్నాడు. సాయంత్రాలు టీ దగ్గర ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాడు. బాగా రాకూడదని కోరుకుంటూనే, ఒక్క వివరమూ వదలకుండా అడిగి తెలుసుకుంటాను.