అమ్మ వక్కాకులో సున్నం

మా అమ్మకు వక్కాకు చుట్టిచ్చే పని ఎనిమిదో ఏటే నా చేతికొచ్చింది. రెండు తమలపాకులు తుడిచి, వేలి కొసతో సున్నం పూసి, నాలుగు వక్కపలుకులు, పైన చిటికెడు పొగాకు వేసి మడిచిచ్చేదాన్ని. అమ్మ నమిలి కుడి దవడన అదిమిపెట్టుకునేది. ప్రొద్దుటూరులో మా వీధి ఆడవాళ్లందరిదీ అదే వరస.

"నువ్వు సుట్టినట్ల ఎవురూ సుట్టలేరు పాపా" అనేది. పొంగిపోయేదాన్ని.

పెద్దయ్యాక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్నయ్యాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. పొద్దున కాలేజీకి పోయే ముందు ఐదారు చుట్టి తడిగుడ్డలో పెట్టి పోయేదాన్ని. మానమ్మా అంటే "అన్నం మానమన్నా మానుతా గానీ" అనేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కసురుకునేదాన్ని, కసురుకుంటూనే చుట్టేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, ఒక ఎండాకాలం, అమ్మ కుడి దవడ లోపల తెల్లటి మచ్చ లేచింది. కారం తగిలితే మంట.

"సున్నం శానా పూస్తాండావే, నోరు పొక్కింది" అంది.

మా వైపు వక్కాకు వేసేవాళ్ల నోట్లో ఏమొచ్చినా తప్పు సున్నానిదే. మందు కూడా ఒకటే, నెయ్యి పూసి సున్నం తగ్గించడం. సైన్సు చదివిన నేనూ తలూపాను. పొక్కయితే పది రోజుల్లో మానాలి కదా! ఏడు నెలలు సున్నం తగ్గిస్తూ పోయాను. పొగాకు మాత్రం ఒక్క చిటికెడు తగ్గించలేదు.

ఆ ఏడు నెలల్లోనే పిల్లలకు క్యాన్సర్ పాఠం చెప్పాను. "కణం రెండయ్యే ముందు తన డీఎన్ఏ అంతటికీ నకలు రాసుకుంటుంది. మీరు సీనియర్ల రికార్డు చూసి రాస్తారే, అట్లా" అన్నాను. అందరూ నవ్వారు. ఒక ఏడాది ఎవడో మహానుభావుడు కప్ప గుండెకు మూడు గదులకు బదులు నాలుగు వేశాడు. ఆ తర్వాత వచ్చిన బ్యాచీలన్నీ కప్పకు నాలుగు గదులే వేస్తూ వచ్చాయి.

"కణంలో తప్పు పడితే దిద్దుకునే ఏర్పాటుంది. దాని కన్నుగప్పి మిగిలిపోయింది మాత్రం తర్వాతి నకళ్లన్నిటికీ పోతుంది. అట్లాంటి తప్పుల్లో చాలా వాటితో ఏ నష్టమూ ఉండదు. 'ఇక చాలు, పెరగడం ఆపు' అని చెప్పే చోట పడితేనే ముప్పు. అదీ ఒక్క దానితో రాదు, ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి చేరాలి."

పొగాకులోని విషాలు డీఎన్ఏకు అతుక్కుని నకలు చెడగొడతాయనీ, మాటిమాటికీ ఒరుసుకుపోయే చోట కణాలు మళ్లీ మళ్లీ పుట్టాల్సి రావడంతో తప్పులకు సందు పెరుగుతుందనీ చెప్పాను. ఇంటికొచ్చి, చేతులకంటిన సుద్ద కడుక్కుని, అమ్మకు వక్కాకు చుట్టాను. నా చదువు తగలెయ్య!

నోట్లో రెండు వేళ్లు పట్టనంతగా దవడ బిగుసుకున్నాక గానీ కడపలో డాక్టరుకు చూపించలేదు. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఆపరేషనుకు కర్నూలు పొమ్మన్నారు. బస్సులో అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నా కడుపున పుట్న్యందుకు ఇది నీకూ వస్తాదా?"

"రాదమ్మా. ఇది నీ దవడలో పుట్టిన తప్పు. నువ్వు నన్ను కన్నప్పుడు లేదు. నాకు రాదు."

"నిజ్జంగా?"

"నీ మీద ఒట్టు."

"అట్లయితే ఏం గాదులే" అని, నంద్యాల దాకా నా భుజం మీద నిద్రపోయింది. తన సంగతి ఒక్క ముక్క అడగలేదు.

దవడ సగం తీసేశారు. మాట పోయింది. నర్సమ్మ ఒక పలక తెచ్చిచ్చింది. గాయం కాస్త ఆరాక కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలైంది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అమ్మ, ఆకు మడిచినట్టు వేళ్లు మడిచి చూపించింది. వక్కాకు కావాలట! నాకు ఒళ్లు మండిపోయింది.

"దాంతోనే కదా ఇంత తెచ్చుకున్నావు! ఇంకా బుద్ధి రాలేదా నీకు?" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

అమ్మ పలక అందుకుంది. ఏం రాస్తుందో నాకు తెలుసనుకున్నాను. చుట్టిచ్చింది నువ్వే కదే అని రాస్తుంది. ముప్పై ఏళ్లు చుట్టిచ్చాను, రాయక ఏం చేస్తుంది? జవాబు కూడా వెతుక్కుంటూ కూర్చున్నాను. వంకర అక్షరాలతో మెల్లగా రాసి, పలక నా వైపు తిప్పింది.

"అన్నం తింటివా?"

మూడు వారాలకు అమ్మ పోయింది. చుట్టిచ్చింది నువ్వేనని నన్ను ఒక్కసారైనా అనుంటే పోట్లాడి ఉండేదాన్ని, ఏడ్చి ఉండేదాన్ని, కాళ్లు పట్టుకుని ఉండేదాన్ని. అనలేదు.