ముసలమ్మ ముక్కు, గురమ్మ బేసిన్

సూరయ్యకి కొండలంటే ప్రాణం. కాకపోతే అరవై రెండేళ్ళొచ్చినా ఒక్క కొండా ఎక్కలేదు. నౌపడకి అవతల, సముద్రపొడ్డున దిబ్బలపాలెంలో పుట్టి, మీసాలు రాకముందే పడవెక్కి, ఆ తర్వాత దిగడం మరిచిపోయిన మనిషి. నేల మీద అతను చేసిన పెద్ద ప్రయాణమల్లా ఉప్పుమళ్ళ గట్టు వెంబడి నౌపడ స్టేషను దాకా నడిచి, అక్కడ టీ తాగి వెనక్కి రావడమే. అయినా పడమటి దిక్కున నీలంగా కనబడే గద్దలమెట్ట సంగతి ఎత్తండి, సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెబుతాడు.

సముద్రం మీంచి చూస్తే ఆ కొండ వెల్లకిలా పడుకున్న ముసలమ్మలా ఉంటుంది. కుడిచేతి వైపు తల, తల మీద ముక్కు, ఎడమకి పోయేకొద్దీ పొట్ట, మోకాళ్ళు, పాదాలు. దిబ్బలపాలెం జాలర్లు ఎవరూ దాన్ని గద్దలమెట్ట అనరు, ముసలమ్మ అంటారు. ఒడ్డున ఉన్న నీళ్ళ ట్యాంకు నెత్తి మీదికి ముసలమ్మ ముక్కు సరిగ్గా వచ్చేదాకా పడవని జరపాలి. అప్పుడు రాయి కట్టిన తాడు వదలాలి. పదహారు బారలకి రాయి ఠక్కున తగిలిందంటే నీళ్ళ కింద గుట్ట ఉన్నట్టు, గుట్ట చుట్టూ వంజరం చేపలు ఉన్నట్టు. సూరయ్యకి ఈ గురుతు తండ్రి చూపించాడు. అప్పట్లో ట్యాంకు లేదు, ఆ చోట ఒక తాటిచెట్టు ఉండేది.

ఈ వైభవానికంతటికీ అల్లుడు వెంకీ ఎసరు పెట్టాడు. పడవ ఇప్పుడు వెంకీది. రెండు నెలల కిందట అతనొక జీపీఎస్ డబ్బా కొన్నాడు. మావ చూపించిన చోటల్లా మీట నొక్కి గురుతులన్నీ అందులో దాచుకున్నాడు. బాగానే ఉంది గానీ, ఈమధ్య నెల రోజుల నుంచి డబ్బా చూసుకుంటూ వంజరాల చోటుకి వెళ్ళి వల వేస్తే జెల్లీ చేపలు తప్ప ఏమీ పడటం లేదు. ఒకసారి మాత్రం హవాయి చెప్పు పడింది. అదీ ఒంటి చెప్పు.

"నీ డబ్బా తప్పురా," అన్నాడు సూరయ్య.

"డబ్బా తప్పెలగవుతాది మావా? అది పైన ఉపగ్రహాల్ని సూసి సెప్తాది. నువ్వు ముసలమ్మని సూసి సెప్తావు. నీకు కళ్ళు ఆనతన్నాయేటి అసలు? అక్కడ ముక్కూ నేదు, ముసలమ్మా నేదు, ఉత్త రాళ్ళు. నువ్వింక ఒడ్డు మీద కూకోని వలలు బాగుసేసుకో."

ఆ మాటతో సూరయ్యకి నిజంగా భయమేసింది. పడవ ముందు కొమ్ము దగ్గర జానెడు పలక అతని చోటు. ఆ పలక మీద తప్ప తను ఇంకెక్కడ కూర్చున్నా ఎలా ఉంటాడో అతనికి తెలియదు. భయమేసిన మగవాళ్ళు చేసే పనే అతనూ చేశాడు. పదిమందిలో శపథం చేశాడు.

"ఆదివారం పది గంటలకి నేనెల్లి ఆ ముక్కు మీద కూకోని ఏదోటి మెరిపిత్తానురా. నువ్వు సముద్రంలో ఉండి ఆ మెరుపుని ట్యాంకు మీదికి తెచ్చుకో. తాడొదులు. పదహారు బారలకి రాయి తగిలిందా, పడవలో నా సోటు నాది. తగల్లేదా, దిగిపోతాను. మళ్ళీ పడవ మాటెత్తను."

వెంకీ సరేనన్నాడు.

మెరిపించడానికి ఇంట్లో ఉన్న అద్దం అరచేయంత. అందులో గురమ్మ మొహమే సగం కనబడుతుంది. అందుకని సూరయ్య కన్ను ఆవిడ చేపలమ్మే స్టీలు బేసిన్ మీద పడింది. దాని అడుగు పళ్ళెంలా చదును, వెనక గురమ్మ పేరు చెక్కి ఉంటుంది. ఆవిడ దాన్ని బూడిద పెట్టి, కొబ్బరి పీచుతో తోమి తోమి తళతళలాడించి ఇచ్చింది. ఇస్తూ ఒక మాట చెప్పింది.

"నువ్వు కొండ మీద జారి పడినా పరవానేదు. బేసిన్‌కి సొట్ట పడిందా, ఇంట్లోకి రానివ్వను. సోమారం సంతకి నాకది కావాల."

కొండకి దారి చూపించే వాళ్ళు కూడా గురమ్మ పుణ్యానే దొరికారు. ఆవిడ దగ్గర చేపలు కొనే దుర్గాభవాని టీచరు, ఆదివారాలు కొండలూ లోయలూ తిరిగే ఒక గుంపులో ఉంది. ఆ గుంపుకి పెద్ద, అరసవల్లిలో లాడ్జి నడిపే తిరుమలరావు. ఈ ఆదివారం గద్దలమెట్టకే వెళ్తున్నామని టీచరు అంటే, "ఆ కొండని నేను నలభై ఆరేళ్ళ నుంచి ఎరుగుదునమ్మా," అన్నాడు సూరయ్య. అబద్ధం కాదు కదా! తిరుమలరావు పొంగిపోయి, నలభై ఆరేళ్ళ అనుభవం గల గైడ్ దొరికాడని వాట్సాప్‌లో పెట్టేశాడు.

ఆదివారం ఆరింటికి పన్నెండు మంది కొండకి పడమటి పక్క చేరారు. అందరికీ బూట్లు, చేతికర్రలు, నోట్లోకి గొట్టం వచ్చే నీళ్ళ సంచులు. సూరయ్య వట్టికాళ్ళు, ఎగ్గట్టిన లుంగీ, చేతిలో చద్దన్నం క్యారేజీ. వీపు మీద వలతాడుతో అడ్డదిడ్డంగా బిగించి కట్టిన బేసిన్. తాబేలు లేచి నిలబడినట్టు ఉన్నాడు.

"వెనక అదేంటండీ?" అడిగాడు తిరుమలరావు.

"అవసరపడతాది బావూ," అన్నాడు సూరయ్య గంభీరంగా. అనుభవం గల మనిషి చెప్పాడు కదా, తామెవరూ బేసిన్ తెచ్చుకోలేదే అని ఇద్దరు ముగ్గురు కంగారుపడ్డారు.

లోయలో అడుగుపెట్టగానే అందరూ తలలెత్తి చూశారు. రెండు పక్కలా నిలువునా లేచిన రాతిగోడలు, వాటి పగుళ్ళలోంచి వేలాడే వేళ్ళు, మధ్యలో మోకాలిలోతు నీళ్ళతో పారే గెడ్డ. పైన ఆకాశం గట్టు మీద ఆరేసిన వలంత వెడల్పు లేదు. సూరయ్యకి మాత్రం కళ్ళు తిరిగాయి. పడవెక్కిన కొత్తవాళ్ళకి తిరిగినట్టే తిరిగాయి. రాయి పట్టుకుని నిలబడి, "ఇదేటిది, అసలు కదలదేటి?" అన్నాడు. కాలి కింద నేల అంతసేపు కదలకుండా ఉండటం అతని ఒంటికి పడలేదు.

కాసేపటికి గెడ్డ రెండు పాయలైంది. ఎటు అన్నట్టు అందరూ గైడ్ వైపు చూశారు. సూరయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ముసలమ్మ తల ఎప్పుడూ కుడిచేతి వైపే. నలభై ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఎడమకి రాలేదు. "కుడికి," అన్నాడు.

కుడికి పోయారు. గంటంబావు రాళ్ళెక్కి, దూకి, పాకి, చివరికి నిలువు గోడకి గుద్దుకున్నారు. అక్కడితో దారి ఆఖరు. గోడ మీంచి సన్నటి జలపాతం, కింద ఆకుపచ్చటి మడుగు. సూరయ్య క్యారేజీ కింద పెట్టి చతికిలబడ్డాడు. పన్నెండు మందీ మాత్రం కేరింతలు కొట్టారు.

"పదేళ్ళుగా వస్తున్నామండీ ఈ కొండకి! ఇలాంటి చోటు ఉన్నట్టే తెలీదు. గైడంటే మీరండీ!" అంటూ తిరుమలరావు అతని చేతులు పట్టుకుని ఊపేశాడు.

"మరే. ముందు ఇది సూపించాలని," అన్నాడు సూరయ్య నీరసంగా.

టీచరుకి అనుమానం వచ్చింది. అతన్ని పక్కకి పిలిచింది. "తాతా, నిజం చెప్పు. దారి తెలుసా?"

"దారి తెల్దమ్మా. ముసలమ్మ తెలుసు. తల కుడిపక్క కదా."

టీచరు ఇసకలో పుల్లతో కొండ గీసింది, అటు సముద్రం, ఇటు తామున్న చోటు. "నువ్వు సముద్రంలోంచి చూస్తే కుడి. మనం కొండకి ఇవతల ఉన్నాం. తల ఇప్పుడు ఎడమ పక్క. నువ్వు మమ్మల్ని పాదాల దగ్గరికి తెచ్చావు."

సూరయ్య ఆ గీతల్ని ఇటు నుంచి చూశాడు, అటు నుంచి వంగి చూశాడు. "అయితే మనం వస్తన్నామని ముసలమ్మ ఇటు తిరిగి పడుకున్నాదేటమ్మా?" అన్నాడు. ఆవిడ గడియారం చూపించింది. ఎనిమిది.

పరుగులాంటి నడక నడిచారు. వెనక్కి పాయలు చీలిన చోటికొచ్చి, ఎడమ పాయ పట్టి, లోయ దాటి, కంపల్లోంచి ఎక్కి, పదింటికి ఐదు నిమిషాలుండగా శిఖరం మీదికి చేరారు. సూరయ్య లుంగీ కంపలకి చిరిగింది, గురమ్మ బేసిన్‌కి మాత్రం సొట్ట లేదు.

ముక్కు లేదు.

ఎటు చూసినా బండలు. కొన్ని ఏనుగంత, కొన్ని మేకంత. ముక్కులా ఉన్నది ఒక్కటీ లేదు. నుదురు లేదు, గడ్డం లేదు. సూరయ్య గిర్రున తిరిగి సముద్రం వైపు చూశాడు. అక్కడ ఇంకా ఘోరం. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే నీలం, మీద గీత లేదు, గురుతు లేదు. తన బతుకంతా గడిచిన చోటు ఎక్కడో వేలు పెట్టి చూపించలేకపోయాడు.

"ఓలమ్మో," అన్నాడు ముసలమ్మతో, "ఇన్నాళ్ళూ నీకు నేను కనబళ్ళేదా అయితే!"

బేసిన్ విప్పి రెండు చేతులా ఎత్తి ఊపాడు. బండ బండకీ పరిగెత్తి ఊపాడు. మెరుపు ఆకాశంలోకి పోయింది, పొదల్లోకి పోయింది, రెండుసార్లు తిరుమలరావు కళ్ళల్లోకి పోయింది. సముద్రంలోకి మాత్రం పోలేదు. పదిన్నరకి వెంకీ ఫోన్ చేశాడు.

"మావా, ఏటీ కనబళ్ళేదు. ఎండెక్కతన్నాది. ఇంకో పది నిమిషాలు సూసి ఎలిపోతాను."

సూరయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. బేసిన్‌ని మళ్ళీ వీపుకి కట్టుకున్నాడు. చేతికందిన బండ మీద, జీవితంలో మొదటిసారి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఆకలి కూడా వేసింది. క్యారేజీ విప్పి ఒళ్ళో పెట్టుకుని, వంగి ఒక ముద్ద తిన్నాడు. నడుం ఎత్తి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వంగి రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకి ఫోను మోగింది.

"మావా! మెరుస్తన్నాది మావా! ఓపాలి మెరుస్తన్నాది, ఓపాలి ఆరిపోతన్నాది. ఏటి సేత్తన్నావు?"

"తింతన్నానురా."

"ఆపకు! తింటానే ఉండు!"

ఊరికే వంగి ఉంటే సరిపోతుంది కదా అన్నారు ఎవరో. వంగి చూశాడు. కాస్త ఎక్కువ వంగాడు, మెరుపు పోయింది. తక్కువ వంగాడు, మళ్ళీ పోయింది. ముద్దకి వంగితేనే సరిగ్గా కుదురుతోంది. చద్దన్నం ఎనిమిది ముద్దల్లో అయిపోయింది. టీచరు తన పులిహోర పెట్టింది. అదీ అయిపోయింది. పన్నెండు మందీ సంచులు కుమ్మరించారు. చపాతీలు, ఖర్జూరాలు, సున్నుండలు, తిరుమలరావు తన కోసం దాచుకున్న జీడిపప్పు డబ్బా.

"సాలమ్మా, పొట్ట పగిలిపోద్ది," అన్నాడు సూరయ్య.

"ట్యాంకుకి ఎడంపక్కనున్నాది మావా, ఉత్తరానికి వస్తన్నాను, నాలుగు ముద్దలు తిను!" ఫోన్లో వెంకీ కేక. ఇంజిను చప్పుడు. "ఇంకో రెండు! ఇంకొకటి! ఆ, వచ్చీసింది, ట్యాంకు నెత్తి మీదకొచ్చీసింది! తాడొదుల్తన్నాను!"

ఫోను బండ మీద పెట్టి అందరూ చుట్టూ మూగారు. వెంకీ బారలు లెక్కపెడుతున్నాడు. పన్నెండు, పదమూడు. సూరయ్య నోట్లో సున్నుండ ఉంది, నమలడం ఆపేశాడు. పద్నాలుగు, పదిహేను. పదహారు.

"తగిలింది మావా! రాయి తగిలింది!"

అరసవల్లి లాడ్జి యజమాని ఎగిరి గంతేసి టీచరు కాలు తొక్కాడు. సూరయ్య సున్నుండ మింగి, మెల్లిగా అడిగాడు. "ఒరే, నేను ముక్కు మీదే కూకున్నానా?"

"ఆ ముక్కు మీదే మావా. ముసలమ్మకి ముక్కుపుడక పెట్టినట్టున్నాది." వెంకీ గొంతు తగ్గింది. "డబ్బాలో సోటు దీనికి సానా దచ్చినానికున్నాది. ఆవేళ వల లాగీసినాక నొక్కాను మావా మీట. అప్పటికే నీరు మనల్ని లాక్కెలిపోయింటాది."

సాయంత్రం గురమ్మ బేసిన్‌ని వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంది. సూరయ్య గుమ్మంలో కూర్చుని తేనుస్తున్నాడు. "అక్కడెక్కడా ముక్కులాగ నేదే," అన్నాడు.

"నీ ముక్కు నీకు కనబడతాదేటి? దూరం నుంచి నాకు కనబడతాది గానీ," అంటూ ఆవిడ బేసిన్ లోపల పెట్టేసింది.

సోమవారం తెల్లారగట్ల పడవ బయల్దేరింది. సూరయ్య తన జానెడు పలక మీద కూర్చున్నాడు. వెలుగొచ్చి, ముక్కు వచ్చి ట్యాంకు నెత్తికి తగలబోతుండగా వెంకీ డబ్బా తెచ్చి మావ ఒళ్ళో పెట్టాడు. "ఈపాలి నువ్వే నొక్కు."

సూరయ్య డబ్బా వంక చూడలేదు. ముసలమ్మనే చూస్తూ, ముక్కు తగిలిన క్షణంలో నొక్కాడు. నొక్కాక మనసు కలుక్కుమంది. "ఇప్పుడు సరైన సోటు దీన్లోకెక్కిపోయింది కదరా. ఇంక నన్ను ఒడ్డు మీద దింపెత్తావేటి?"

వెంకీ వల విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "ఎలగ దింపుతాను మావా? మళ్ళీ ఎప్పుడైనా తేడా వస్తే, కొండెక్కి తినడం డబ్బాకొస్తాదేటి?"