బండల కంచెలో వదలని సందు

నా చిన్నప్పుడు నేనాడిన అబద్ధాలు చాలావరకు మరిచిపోయాను. ఒక్కటి మాత్రం మరపు రాలేదు. పక్కింటి అవ్వను అడగకుండానే, అడిగానని మా జేజినాయనతో, అంటే మా నాయన తండ్రితో, చెప్పాను. ఆ ఒక్క మాటకు ఇద్దరు ముసలివాళ్లు ఒక చలికాలంలో మూడు వారాలకు పైగా ఒకరికొకరు లేకుండా పోయారు.

మొన్న ముసురు పట్టిన రోజుల్లో మా ఇంటి చుట్టూ ఇనుప జాలీ కంచె వేయిస్తుంటే అది గుర్తుకొచ్చింది. పనికి వచ్చినాయన తాడు చుట్ట విప్పుతూ, "పక్కింటోళ్లకు చెప్పినారా సార్?" అని అడిగాడు. ఎవరైనా అడిగే మాటే. నాకు మాత్రం అది మా జేజినాయన అడిగినట్టే వినిపించింది.

మా ఊరు గండికోటకు పోయే దారిలో ఉంటుంది. మా వైపు నేల ఎండిందంటే గడ్డపారకు లొంగదు. అందుకని ఇంటి కంచె పనిని చలికాలపు ముసురు కోసం ఆపుకునేవారు. చలి పెద్దగా ఉండదు, వాన సన్నగా పడుతూనే ఉంటుంది. నేల మెత్తబడగానే కాలువ తీసి, మనిషెత్తు నాపబండలను వరసగా నిలబెట్టి, మొదళ్ల దగ్గర రాళ్లు కొట్టి మట్టి కూరేవారు. కూరడం అయ్యేదాకా బండ ఒరగకుండా ఎవరో ఒకరు వీపు ఆనించి నిలబడాలి. ఇంకొక పద్ధతి కూడా ఉండేది. హద్దు గీతకు తాడు పట్టకముందే పక్కింటివారిని అడగాలి, రాకపోకలకు సందు వదలాలా, వదిలితే ఎక్కడ వదలాలి అని. అడగకుండా బండలు నాటితే మీ రాక మాకు అక్కర్లేదని చెప్పినట్టే.

అంతకుముందు మాకూ అవ్వకూ మధ్య తుమ్మకంప కంచె ఉండేది. అందులో మనిషి పట్టేంత సందు. అవ్వ మాకు చుట్టం కాదు. భర్త పోయాడు, ఒక్కగానొక్క కూతురు నందికొట్కూరు అవతల కాపురం. మా నాయనమ్మ, జేజి, పోయి అప్పటికి రెండేళ్లు. అమ్మా నాయనా చేనికి పోయాక అవ్వ చెంబు పట్టుకుని ఆ సందులోంచి మజ్జిగకు వచ్చేది. మజ్జిగ పోయించుకోవడం ఒక నిమిషం పని. ఆమె మాత్రం పొద్దెక్కేదాకా కూర్చునేది.

"కాలినొప్పి ఎట్లుండాది అన్నా?"

"ఉండాది మ్మా. యాడికీ పోలేదు."

ఇద్దరూ నవ్వుకుని మళ్లీ ఊరుకునేవారు. ఆ కాస్త కూర్చోవడమే వాళ్లిద్దరికీ రోజు మొత్తానికి తోడని నాకప్పుడు తెలియదు.

తుమ్మకంపను చెదలు తినేశాయి. ఆ ఏడు ముసురు పట్టగానే జేజినాయన బండలు దింపించాడు. అవ్వ ఆ రోజుల్లో చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, ఒలిచే కూలికి ఊరి కొసన ఉన్న కొట్టానికి పోతుండేది. "అవ్వను అడిగిరాపోరా. సందు యాడ వదలాల్నో ఆమె చెప్పినాకనే తాడు పడదాం" అని నన్ను పంపాడు.

సగం దారిలో పిల్లలు ఎదురై, వంకకు నీళ్లొచ్చాయని కేకలు పెడుతూ పరుగెత్తారు. మా వంకలో నీళ్లు ఏడాదికి ఒకటి రెండు రోజులు కనబడితే గొప్ప. నేనూ పరుగెత్తాను. ఎర్రటి నీళ్లు కంపా చెత్తా మోసుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆలస్యమైంది. కొట్టం దాకా పోవడానికి బద్ధకం, పోలేదని చెప్పడానికి భయం.

"అడిగినా. సందు వద్దంట" అన్నాను.

జేజినాయన గడ్డపార మీద చేతులు పెట్టి నా వైపు చూశాడు. "వద్దనెనా? ఆమె నోటితోనే అనెనా?"

తలూపాను. "సరేలే, ఆమె ఇష్టం" అని తాడు కొస నా చేతికిచ్చాడు.

సాయంత్రానికి చివరి బండ నిలబెట్టారు. కూరడానికి రాళ్లు తెచ్చేందుకు పెద్దవాళ్లు వీధిలోకి పోతూ, బండకు వీపు ఆనించి నన్ను నిలబెట్టారు. సన్నగా తుంపర పడుతోంది. అప్పుడు అవతలి పక్క అడుగుల చప్పుడు వినిపించింది. ఒక అరచెయ్యి బండలను ఒక్కొక్కటే తడుముకుంటూ ఆ కొస నుంచి నా దాకా వచ్చి ఆగింది.

"సందు యాడ పెట్టినారబ్బా?" అని అవ్వ తనలో తాను అనుకుంది. తర్వాత కొంచెం గట్టిగా, "ఆ పక్క ఎవరప్పా ఉండేది?" అంది.

మా ఇద్దరి మధ్యా ఉన్నది రెండు వేళ్ల మందం రాయి. నేను పలికి ఉంటే, మట్టి ఇంకా కూరలేదు కాబట్టి, అప్పటికప్పుడే ఒక బండ తీసేసేవాళ్లు. నేను ఊపిరి బిగబట్టాను. కాసేపు నిలబడి, "ఎవరూ లేరు" అనుకుంటూ ఆమె వెళ్లిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు విన్నాను.

మర్నాటి నుంచి అవ్వ రాలేదు. జేజినాయన రోజూ ఆమె వంతు మజ్జిగ ముంతలో పోసి మూతపెట్టేవాడు. సాయంత్రం దాన్ని దూడ కుడితిలో కలిపేవాడు. "పోయి పిలవకూడదా మామా?" అని మా అమ్మ అంటే, "వద్దనుకున్న మనిషిని ఏమని పిలుస్తాం మ్మా?" అనేవాడు. తడిసి నల్లబడిన ఆ బండల వైపే చూస్తూ కూర్చునేవాడు. అవతల అవ్వ కోళ్లతో మాట్లాడుకోవడం మాకు వినిపించేది.

అట్లా మూడు వారాలు దాటాయి. ఒక పొద్దున ఆయన నన్ను దగ్గరికి పిలిచి, "నేనేమన్నా మాట తూలినానేమోరా ఆమెను? నీకేమన్నా గుర్తుండాదా?" అని అడిగాడు.

తన తప్పు కోసం అంతగా వెతుక్కుంటున్న మనిషి ముందు ఇక నిలబడలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఆయన తలమీద తువ్వాలు వేసుకుని, మజ్జిగ ముంత తీసుకుని, నా చెయ్యి పట్టుకుని వీధి చుట్టూ తిరిగి అవ్వ వాకిట్లోకి నడిచాడు.

"తప్పు నాదే మ్మా. ముసలితనం. నిన్నడగాల్నన్న మాటే మర్సిపోతి. సందు యాడ కావాల్నో ఇప్పుడు చెప్పు" అన్నాడు.

నా పేరు ఎత్తుతాడని కాచుకుని ఉన్నాను. ఎత్తలేదు. ఆయన వెనక నిలబడి, నేను రెండోసారి కూడా పలకలేదు.

అవ్వ ముంత అందుకుంది. "పరాయిదాన్నయిపోతినేమో అనుకుంటి అన్నా" అంది. తర్వాత, "ఇప్పుడే పీకొద్దులే. నేల పచ్చిగుండాది, పక్క బండలు ఒరుగుతాయి" అంది.

నేల ఆరాక ఒక బండ తీశారు. అవ్వ వచ్చింది. కానీ సందు దగ్గరే ఆగి, "రావచ్చునా అన్నా?" అని అడిగింది. అంతకుముందు ఎన్నడూ అడిగి ఎరగదు. "రా మ్మా, అదేం మాట?" అన్నాడు జేజినాయన. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. అడిగినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. నా తప్పును ఆయన మోసి నన్ను కాపాడాడు. కానీ ఆ మోయడం వల్ల, ఆయన తనను మరిచిపోయాడన్న మాట అవ్వ మనసులో అట్లాగే ఉండిపోయింది. దాన్ని తీయగలిగింది నేనొక్కణ్ణే.

ఒక పొద్దున నేనొక్కణ్ణే ఆ సందులోంచి వెళ్లాను. అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. వంక నీళ్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"అయితే మీ జేజినాయన మర్సిపోలేదా?"

"లేదవ్వా. నువ్వు నీ నోటితోనే అన్నావా అని నన్ను గుచ్చిగుచ్చి అడిగె."

ఆమె చేటను పక్కన పెట్టింది. "ఆ పొద్దు బండ ఎనక ఉండేది నువ్వేనా?"

"నేనే."

"పలికుంటే ఏమిరా నాయనా? కొడతానా?" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. క్షమించానని కూడా అనలేదు.

ఆ తర్వాత జేజినాయన దగ్గర ఆమె కూర్చునే సేపు మళ్లీ పెరిగింది. సందు దగ్గర ఆగడం మాత్రం పోలేదు. ఒకసారి పడిన అలవాటు నా ఏడుపుతో పోయేది కాదు. ఈ వయసులో కూడా ఎవరైనా నా గడప దగ్గర ఆగి లోపలికి రావచ్చా అని అడిగితే, ముందు నాకు సిగ్గేస్తుంది.

అప్పట్లో అవ్వ ఇంకా ఆగడం చూసి, మర్నాటి నుంచి పొద్దున్నే సందు దగ్గర నేనే నిలబడేవాణ్ణి. ఆమె చెంబు పట్టుకుని వాకిలి దిగడం కనబడగానే, నోరు తెరవకముందే, "రా అవ్వా, జేజినాయన నీ కోసరం చూస్తాండాడు" అని పిలిచేవాణ్ణి. చదువుకు కడపకు పోయేదాకా ఒక్క పొద్దు కూడా ఆమెను అడగనివ్వలేదు.