జల్ది అన్నా తప్పు కాదు

ఈ రోజు మధ్యాహ్నం మా మూడో తరగతి సరళ వాళ్లమ్మ బీడీల పని వదిలి ఛత్రినాకలోని మా బడికి వచ్చింది.

"టీచరమ్మా, మా పోరికి ఏం నేర్పిన్రు? మా అత్త 'జల్ది వచ్చి బువ్వ తిను బిడ్డా' అంటే, 'జల్ది గాదు, త్వరగా అనాలె' అన్నదట. నిన్నటిసంది ముసలామె నోరు తెరుస్తలేదు."

సరళను పిలిచి అడిగాను. "తప్పు మాట్లాడితే దిద్దాలె గద టీచర్?" అంది అమాయకంగా.

తరగతికి వెళ్లి నల్లబల్ల మీద ఒకవైపు 'జల్ది', 'లొల్లి', రెండోవైపు 'త్వరగా', 'గొడవ' రాశాను. ఇవి ఇంటి మాటలు, అవి పుస్తకం మాటలు, రెండూ తెలుగే అన్నాను. అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు గారు గుమ్మంలో ఆగారు.

"పరీక్షలో ఏవి రాయాలి?"

"పుస్తకంవి సార్."

"మరి ఇవెందుకు?"

"నానమ్మతో మాట్లాడటానికి."

ఆయన నల్లబల్ల వైపు ఓసారి చూసి వెళ్లిపోయారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

బడి వదిలాక సరళ నా కొంగు పట్టుకుంది. "మీరే వచ్చి మా నానమ్మకు చెప్పుర్రి టీచర్, ఆమెది తప్పు గాదని. నేను పిలిస్తే మొహం తిప్పుకుంటున్నది."

రేపు వస్తానన్నాను. నేను పుట్టి పెరిగింది గుంటూరులో. ఆ పెద్దావిడకు ఏ తెలుగులో నచ్చజెప్పాలో తేలక సాయంత్రం నుంచి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మీరైతే ఎలా చెబుతారు?