బస్సులో లేచిన చెయ్యి

చట్టసభ సభ్యులు తమ జీతాలు పెంచుకున్నారన్న వార్తను ఫోన్‌లో చదివి నేను గొణుక్కుంటున్నాను. పాల్వంచ దాటిన భద్రాచలం బస్సు అడవిలోకి వచ్చింది. నా పక్కనున్నాయన వెదురు లారీలకు లోడింగ్ చేసే కూలీ.

"ఏంది సార్, వాళ్ళ జీతం వాళ్ళే పెంచుకుంటరా?"

"అవును. రాజ్యాంగమే ఆ పని వాళ్ళకు వదిలేసింది. కొన్ని దేశాల్లో పెంచుకున్నా, మళ్ళీ ఎన్నికలయ్యాకే చేతికొస్తుంది. ఇక్కడ ఆ అడ్డూ లేదు."

"మరెట్ల పెంచుకుంటరు?"

"అందరూ చెయ్యెత్తుతారు. అయిపోతుంది."

"గంతేనా? మేం కూలి పెంచమని ఎండల కూసున్నా ఎవ్వడు పలకలే."

ఆయన విసురుగా లేచి చెయ్యి పైకెత్తాడు. "నా కూలి పెరగాలె," అన్నాడు.

దిగేవాడనుకుని కండక్టర్ "హోల్డాన్" అని అరిచాడు. బస్సు ఆగింది. ఎవరూ దిగలేదు.

"దిగనోడివి చెయ్యెందుకు లేపినవయ్యా? జల్దీ కూసో," అని కండక్టర్ కసిరాడు.

ఆయన కూర్చున్నాడు. సారపాకలో దిగేదాకా కిటికీ వైపే చూశాడు.

ఇప్పటికీ టీవీలో ఆ సభను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అన్ని చేతులు ఒకేసారి లేచినా, అక్కడ హోల్డాన్ అనేవాడు ఒక్కడూ లేడు.